‘జ’ ఒక్కటే, శబ్దాలు మూడు: ఇంగ్లిష్ హల్లుల ఉచ్చారణపై ఒక విన్నపం

సంపాదకుల వారికి నమస్కారం.

పత్రికల విద్యా పేజీల్లో ఇంగ్లిష్ మాటల పక్కన వాటి ఉచ్చారణను తెలుగు లిపిలో ఇవ్వడం చాలాకాలంగా ఉన్న అలవాటు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ఊళ్లలో పాఠాలు చెప్పే టీచర్లు వాటిని కత్తిరించి దాచుకుంటారు. పేపర్లో వచ్చింది కాబట్టి అదే సరైన పలుకని నమ్ముతారు. అచ్చుల మాట అలా ఉంచి హల్లుల దగ్గరికి వస్తే, ఈ పద్ధతి మేలుతో పాటు కొంత చెరుపూ చేస్తోంది. ‘జడ్జి’లో జ, జంతువులుండే ‘జూ’లో జ, కొలత అనే అర్థంలో ‘మెజర్’లో జ, మూడింటికీ ఒకే అక్షరం వేస్తున్నారు. ఇంగ్లిష్‌లో అవి మూడు వేరు వేరు హల్లులు. తెలుగు లిపిని మానేయమని మేం అనడం లేదు. నాలుక, పెదవి, గొంతు ఏం చేయాలో ఒక్క వాక్యం జోడించండి, రెండు మూడు గుర్తులు వాడండి అని అడుగుతున్నాం. ఎందుకో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

బ్రిటిష్ ప్రామాణిక ఇంగ్లిష్‌లో హల్లులు 24. ఏ హల్లుకైనా చూడాల్సినవి మూడు: గాలికి ఎక్కడ అడ్డుపడుతున్నాం, ఎంత అడ్డుపడుతున్నాం, ఆ సమయంలో గొంతు అదురుతోందా లేదా. స్వరపేటికలో స్వరతంత్రులనే రెండు మడతలుంటాయి. అవి దగ్గరికి చేరి, వచ్చే గాలికి అదిరితే నాదం పుడుతుంది. మామూలు మాటల్లో ఆ అదురు మగవారికి సెకనుకు వందకు కాస్త పైన, ఆడవారికి రెండు వందల ప్రాంతంలో ఉంటుంది. మడతలు విడిగా ఉంటే వచ్చేది ఒట్టి శ్వాస. 24 హల్లుల్లో 15 నాదంతో పలికేవి, 9 శ్వాసతో పలికేవి. వీటిలో ఎనిమిది జంటలున్నాయి. జంటలో రెండింటికీ నోటి అమరిక ఒకటే, తేడా ప్రధానంగా గొంతులోనే. ఈ శ్వాస, నాద విభజన మనకు కొత్తదేమీ కాదు. కంఠం మూసుకుంటే నాదమనీ, తెరుచుకుంటే శ్వాస అనీ వేదాల ఉచ్చారణ నియమాలు చెప్పే ప్రాతిశాఖ్యలు ఏనాడో చెప్పాయి.

తెలుగు పిల్లలకైతే ఇది వ్యాకరణం క్లాసులో చదివిన సంగతే. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు. పూచెను, కలువలు కలిస్తే ‘పూచెన్గలువలు’ అవుతుంది. న్ నాదమున్న హల్లు కాబట్టి, దాని పక్కకు వచ్చిన క కూడా నాదం తెచ్చుకుని గ అయింది. సరళాదేశ సంధి అంటే జరిగేది ఇదే. అదే పిల్లవాడికి ఇంగ్లిష్ పీరియడ్‌లో ‘డాగ్’కు బహువచనం చెప్పేటప్పుడు ఈ ముక్క గుర్తు చేసేవారుండరు. తెలుగు మాస్టారు ఒక గదిలో, ఇంగ్లిష్ టీచర్ ఇంకో గదిలో.

గొంతు మీద వేలు పెట్టి అదురు చూడమని చాలామంది చెబుతారు. మంచిదే, కానీ అక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. ‘క అనండి, గ అనండి, తేడా చూడండి’ అంటారు. రెండింటికీ గొంతు అదురుతుంది, ఎందుకంటే రెండింటిలోనూ ‘అ’ ఉంది, అచ్చులన్నీ నాదాలే. పిల్లలకు తేడా తెలియదు, టీచర్ చెప్పారు కాబట్టి తలూపుతారు. ఈ పరీక్షకు ఆపకుండా సాగదీయగల హల్లు కావాలి. అచ్చు కలపకుండా ‘స్‌స్‌స్’ అని మూడు సెకన్లు గాలి వదలాలి. తర్వాత ‘మ్‌మ్‌మ్’ అని మూలగాలి. రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని చేస్తే ఇంకా స్పష్టం: ‘స్’కు తలలో నిశ్శబ్దం, ‘మ్’కు తల నిండా హోరు.

ఇక్కడి నుంచి అసలు మెట్టు. ‘స్‌స్‌స్’ అంటూనే, నాలుకను వెంట్రుకవాసి కూడా కదపకుండా, గొంతులో మూలుగు మొదలుపెట్టాలి. వచ్చేదే ‘జూ’, ‘జీరో’, ‘జిప్’ మాటల మొదటి శబ్దం. మళ్లీ మూలుగు ఆపితే ‘స్’. ఒకే ఊపిరిలో నాలుగైదు సార్లు అటూ ఇటూ మార్చాలి. ఎక్కువగా జరిగే తప్పేమిటంటే, గొంతు కలపగానే నాలుక పైకి లేచి అంగిలికి అతుక్కుంటుంది. గాలి ఒక్క క్షణం ఆగి విడుదలవుతుంది, జడ్జిలోని జ వచ్చేస్తుంది. గాలి ఆగిందా లేదా అన్నదే గుర్తు. సాగదీయగలిగితే సరైన శబ్దం, సాగకపోతే జ.

ఈ శబ్దానికి తెలుగువాళ్ల నోరు తిరగదనడం నిజం కాదు. ‘జాతర’లో జ, ‘రోజు’లో జ ఒకలా పలకం. ‘జిల్లా’లో జ వేరు. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓలతో కూడిన చ, జలు అచ్చతెలుగు మాటల్లోనూ, ‘రోజు’ లాంటి అరువు మాటల్లోనూ దంత్యాలు, అంటే నాలుకను పళ్ల దగ్గర పెట్టి పలికేవి. ఇ, ఈ, ఎ, ఏలతో కూడినవి తాలవ్యాలు, అంటే నాలుకను అంగిలికి తాకించి పలికేవి. ఆ దంత్య జ ఈ ఇంగ్లిష్ శబ్దానికి కూతవేటు దూరంలో ఉంది. ‘రోజు’, ‘బజారు’ అని తీరిగ్గా పలుకుతూ మధ్య హల్లును సాగదీస్తే చాలామందికి అది దొరికిపోతుంది. ఇంత సులువైన దారి ఇంట్లోనే ఉండగా ‘జూ’ పక్కన జ వేసి, బడిలో దాన్ని తాలవ్యంగా చదివించడం మన చేతులారా చేసుకుంటున్నదే.

ఈ శబ్దం జడ్ అక్షరానికే పరిమితమైతే ఇంత చెప్పక్కర్లేదు. చిక్కు ఎస్ అక్షరంతో. ఈజ్, వాజ్, హిజ్, బిజీ, మ్యూజిక్, రీజన్, హజ్బెండ్, ట్యూజ్‌డే: రాత ఎస్, పలుకు నాదం. ఇల్లు అనే నామవాచకంగా ‘హౌస్’కు చివర శ్వాస, ఆశ్రయమిచ్చు అనే క్రియగా అదే స్పెల్లింగుకు చివర నాదం. వాడకం అనే అర్థంలో ‘యూస్’, వాడు అనే అర్థంలో ‘యూజ్’. సలహా అనే ‘అడ్వైస్’కు, సలహా ఇచ్చు అనే ‘అడ్వైజ్’కు తేడా కూడా ఈ అదురే.

బహువచనం ఎస్, మూడో పురుష క్రియలో వచ్చే ఎస్, షష్ఠీ విభక్తి అర్థంలో వచ్చే ఎస్, మూడింటికీ నియమం ఒకటే. ముందున్న శబ్దం శ్వాసదైతే ఎస్ కూడా శ్వాస: క్యాట్స్, క్యాప్స్, బుక్స్. ముందున్నది నాదమైతే, అచ్చయినా సరే, ఎస్ నాదమవుతుంది: డాగ్, పెన్, కార్, బాయ్, ట్రీ, వీటన్నిటికీ బహువచనంలో చివర వచ్చేది ‘రోజు’లోని జకు దగ్గరి శబ్దం. స, శ, చ, జ జాతి శబ్దాల తర్వాత మాత్రం మధ్యలో చిన్న ‘ఇ’ వస్తుంది: బస్, బుష్, మ్యాచ్, జడ్జ్. నియమం పాటించకపోతే ఏమవుతుంది? ‘డాగ్స్’ అని చివర గట్టి స్ పలికితే, ఆ స్ తన ముందున్న గ్‌ను కూడా శ్వాసలోకి లాగేస్తుంది. వినేవాడికి ‘డాక్స్’ అని చెవిన పడుతుంది, కుక్కలు కాస్తా ఓడరేవులవుతాయి.

భూతకాలపు ‘ఈడీ’ కూడా ఇదే తోవ. వాక్, స్టాప్, వాష్, లాఫ్ తర్వాత చివర వినిపించేది ‘ట్’. ప్లే, ఓపెన్, కాల్, లివ్ తర్వాత ‘డ్’. టి, డి శబ్దాల తర్వాతే ‘ఇడ్’: వాంటెడ్, నీడెడ్. మన పిల్లలు ‘హెల్పెడ్’, ‘వాకెడ్’ అనడానికి కారణం అశ్రద్ధ కాదు. ‘హెల్ప్‌డ్’ అని పేపర్లో చూస్తారు. ప్ తర్వాత డ్ పలకాలంటే శ్వాస నుంచి నాదానికి ఒక్క క్షణంలో మారాలి. అది కష్టం కాబట్టి మధ్యలో ఒక అచ్చు దూర్చి గట్టెక్కుతారు. ‘హెల్ప్ట్’ అని రాసి చూపించండి, ఇబ్బందే ఉండదు. పత్రికల్లో తరచూ కనిపించే ‘వాక్‌డ్’, ‘ఆస్క్‌డ్’ రూపాలు ఈ తప్పుకు సగం కారణం. వికెడ్, నేకెడ్ లాంటి కొన్ని విశేషణాలు మాత్రం ఈ నియమానికి లొంగవు.

మాట చివర నాదం గురించి ఇంకో ముఖ్యమైన సంగతి పాఠాల్లో దాదాపు కనిపించదు. ‘బ్యాక్’, ‘బ్యాగ్’ మాటల్లో తేడా క్, గ్‌లలో ఉందనుకుంటాం. నిజానికి ఇంగ్లిష్‌వాళ్లు మాట చివరి గ్‌ను పూర్తిగా అదిరించరు, చాలాసార్లు సగంలోనే వదిలేస్తారు. వాళ్ల చెవి పట్టుకునేది దాని ముందున్న అచ్చు పొడవును. నాదమున్న హల్లు ముందు అచ్చు, శ్వాస హల్లు ముందున్నదానికి సుమారు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. మంచు అనే ‘ఐస్’లో ‘ఐ’ పొట్టి, కళ్లు అనే ‘ఐజ్’లో పొడుగు. ‘సేఫ్’, ‘సేవ్’ అంతే. ‘సీట్’, ‘సీడ్’ అంతే. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు మాటకు పుట్టుకతో వచ్చినవి, పక్క హల్లును బట్టి ఇంతగా సాగవు. అందుకే మనవాళ్లు రెండింటినీ ఒకే కొలతతో పలికి, తేడా కోసం చివర గ్‌ను గట్టిగా నొక్కుతారు. నొక్కేసరికి, మాట అచ్చుతో ముగియాలనే తెలుగు అలవాటు కొద్దీ ‘ఉ’ వచ్చి చేరుతుంది: బ్యాగు, క్యాబు, రోడ్డు. తెలుగులో మాట్లాడేటప్పుడు అవి మన మాటలే, అలాగే పలకాలి. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ఆ ‘ఉ’ ఒక అదనపు అక్షరంగా వినిపించి లయను చెడగొడుతుంది. సాధన ఇలా చేయించాలి: అచ్చును సాగదీసి, చివరి హల్లు దగ్గర నాలుకను పెట్టి అక్కడే ఆపేయాలి, వదలకూడదు. గ్ పూర్తిగా వినిపించకపోయినా ఫర్వాలేదు, అచ్చు పొడవే చాలావరకు చెబుతుంది.

మాట మొదట్లో కథ ఇంకోలా ఉంటుంది. ‘పిన్’లో ప తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు చిన్న గాలి దెబ్బ వదులుతారు. 1964లో అమెరికన్ భాషాశాస్త్రవేత్తలు లీ లిస్కర్, ఆర్థర్ ఏబ్రమ్‌సన్ పదకొండు భాషల్లో దీన్ని కొలిచారు. పెదవులు లేదా నాలుక వేసిన అడ్డు విడిన క్షణం నుంచి గొంతు అదరడం మొదలయ్యేదాకా పట్టే సమయం అమెరికన్ ఇంగ్లిష్ ప, ట, కలకు సగటున సెకనులో వెయ్యో వంతు లెక్కన 58, 70, 80. అదే బ, డలకు 1, 5 మాత్రమే, గకు 21. అంటే మాట మొదట్లో ఇంగ్లిష్ చెవి ప్రధానంగా ఈ జాగును చూసే ప, బలను విడదీస్తుంది. మన పరుషాలకు అంత జాగు ఉండదు, అడ్డు విడిన వెంటనే గొంతు అందుకుంటుంది. కాబట్టి మనం ఎంత స్పష్టంగా ‘పిన్’ అన్నా అవతలివాడికి ‘బిన్’ అని, ‘కోట్’ అంటే మేక అనే ‘గోట్’ అని వినిపించే ప్రమాదముంది. మనం గట్టిగా అరిచినా లాభం లేదు, లోపం గాలిలో ఉంది. (ఆ లిస్కర్ అంతకు ఏడాది ముందే మాట్లాడే తెలుగు మీద పాఠ్యపుస్తకం రాశారని మన పాఠకుల్లో ఎంతమందికి తెలుసో!)

దీనికి కాగితం ముక్క చాలు. అంగుళం వెడల్పు, నాలుగంగుళాల పొడవు పల్చటి కాగితాన్ని పెదవులకు రెండంగుళాల దూరంలో వేలాడదీయాలి. ‘పిన్’ అంటే కాగితం ఎగరాలి. ‘స్పిన్’ అంటే దాదాపు కదలకూడదు, ఎందుకంటే స్ తర్వాత వచ్చే ప, ట, కలకు ఇంగ్లిష్‌లో ఈ గాలి ఉండదు. ‘బిన్’కూ కదలకూడదు. క దగ్గర కాగితం అంతగా ఎగరదు, అడ్డు నోటి వెనక ఉంటుంది కాబట్టి. అప్పుడు అరచేయి పెట్టి గాలి చూసుకోవాలి. ఇది నేర్చాక కొందరు ప్రతి పకూ, ప్రతి టకూ ఊదడం మొదలుపెడతారు. ఊనిక పడే అక్షరం మొదట్లోనే అది గట్టిగా ఉండాలి. దీన్ని తెలుగు లిపిలో ఒత్తక్షరంతో చూపిద్దామంటే కుదరదు. ఫ వేస్తే ఇప్పుడు అందరూ కాఫీలో ఫ లాగే చదువుతారు. థ సంగతి ‘కథ’నే ‘కధ’గా పలికే మనకు చెప్పక్కర్లేదు.

వ దగ్గర తెలుగు అక్షరం మధ్యస్థం. మన వకు కింది పెదవి పై పళ్ల దాకా వెళ్తుంది కానీ రాపిడి ఉండదు. ఇంగ్లిష్‌లో అది రెండుగా చీలిపోయింది. వి శబ్దానికి కింది పెదవి లోపలి అంచును పై పళ్లకు తేలిగ్గా ఆనించి, ముందు ‘ఫ్‌ఫ్’ అని గాలి వదలాలి, దాన్ని ఆపకుండా గొంతు కలపాలి. పెదవి మీద చక్కిలిగింత పుడితే సరిగ్గా వచ్చినట్టు. పెదవిని గట్టిగా కొరికితే గాలి ఆగిపోయి బకు దగ్గరవుతుంది. డబ్ల్యూ శబ్దానికి పళ్లతో పనే లేదు. పెదవులు ‘ఊ’కు సున్నాలా చుట్టి, అక్కడి నుంచి తర్వాతి అచ్చులోకి దూకాలి: ఊ–ఎస్ట్, ఊ–ఐన్. అద్దంలో చూసుకుంటే వికి పై పళ్లు కనబడతాయి, డబ్ల్యూకు కనబడవు. పడమరకు, బనియన్‌కు మనం ఒకే ‘వెస్ట్’ రాస్తున్నాం. ద్రాక్షతీగకు, ద్రాక్షసారాకు ఒకే ‘వైన్’ రాస్తున్నాం. ‘వెరీ వెల్’లో రెండు వలు రెండు రకాలని పేపర్లో చూసినవాడికి ఎలా తెలుస్తుంది?

దీనికి తోడు, మాట మొదట ఇ, ఎ, ఒ వస్తే వాటికి ముందు య, వలు తగిలించే అలవాటు మనకుంది. అందుకే ఎం.ఏ. కాస్తా యం.ఏ. అవుతుంది, ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అంటాం. ‘ఇయర్’ అన్నప్పుడు చెవో సంవత్సరమో తేలదు.

టీహెచ్ మీద మాత్రం క్లాసుల్లో అవసరానికి మించి కష్టపడుతున్నారని మా అభిప్రాయం. నాలుక కొసను పై పళ్ల అంచుకు ఆనీ ఆననట్టు పెట్టి గాలిని ఆపకుండా వదిలితే ‘థింక్’ శబ్దం, గొంతు కలిపితే ‘దిస్’ శబ్దం. దిస్, దట్, దే, దెన్, దేర్ లాంటి చిన్న వ్యాకరణ పదాల మొదట్లో నాదం. థింక్, థిన్, థ్రీ, థంబ్ లాంటి అర్థమున్న పదాల మొదట్లో శ్వాస. ఇంతకు మించి వారాల తరబడి నాలుక బయటపెట్టించి పిల్లలను నవ్వులపాలు చేయనక్కర్లేదు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఏ శబ్దాలు తప్పితే అర్థం చెడుతుందో చూసిన జెన్నిఫర్ జెన్కిన్స్, 2000లో ప్రచురించిన జాబితాలో టీహెచ్‌ను తప్పనిసరి వాటిలో చేర్చలేదు. మాట మొదటి ప, ట, కల గాలిని, శ్వాస హల్లు ముందు అచ్చు పొట్టిపోవడాన్ని మాత్రం చేర్చారు. మన బడుల్లో సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది.

ట, డలు కూడా అంతే. మనం నాలుక మడిచి అంగిలికి కొడతాం, వాళ్లు పై పళ్ల వెనకున్న గట్టు మీద, మనం ‘ల’ అనే చోట, నాలుక కొస పెడతారు. తెలిస్తే మంచిది, రాకపోయినా ఎవరికీ అర్థం కాకుండా పోదు. తెలుగు యాస వినబడటం లోపం కాదు. సిప్, జిప్ ఒకటైపోతేనే లోపం.

ఇక మా విన్నపాలు. జూ, జీరో, ఈజ్ మాటల్లో జకు బదులు ‘ౙ’ వేయండి. ఇది మేం పుట్టించిన గుర్తు కాదు, బ్రౌన్ నిఘంటువులో దంత్య జకు వాడినదే. 2008 నుంచి యూనికోడ్‌లో కూడా ఉంది. మీ ఫాంటులో లేకపోతే జ కింద చుక్క చాలు. బహువచనాల్లో శ్వాస ఉంటే ‘స్’, నాదముంటే ‘ౙ్’ వేయండి: క్యాట్స్, డాగ్‌ౙ్. భూతకాలానికి పలుకును బట్టి ట్, డ్, ఇడ్ వేరుగా రాయండి. డబ్ల్యూ శబ్దమైతే వ కింద గీత పెట్టండి. మెజర్, ప్లెజర్, విజన్, డెసిషన్, యూజువల్ లాంటి మాటల్లోని శబ్దానికి తెలుగులో అక్షరం లేదు. అవి తక్కువే కాబట్టి అవి వచ్చిన రోజు ‘షుగర్‌లోని ష అంటూ గొంతు కలపాలి’ అని పక్కన రాయండి చాలు. ఈ గుర్తుల వివరణ పేజీ అడుగున నాలుగు లైన్లలో ఇమిడిపోతుంది. అది ప్రతిసారీ ఉండాలి, ఎందుకంటే ఆ ముక్క కత్తిరించి దాచుకునేవారి దగ్గర నిన్నటి పేపరు ఉండదు.

ఇట్లు,
ఇంగ్లిష్ ధ్వనిశాస్త్ర బోధకులు కొందరు,
హైదరాబాద్